పచ్చ పుస్తకంలో రాయనిది

అక్టోబర్ 12, ఆదివారం

ఇవాళ్టి నుంచి నాకు రెండు పుస్తకాలు. పచ్చ అట్టది ఇమొజెన్ ఇచ్చింది. పెర్త్ ఆసుపత్రిలో రోగుల తిండి సంగతులు చూసే పిల్ల. నోట్లోకి వెళ్ళే ప్రతిదీ అందులో రాయాలట, టీలో వేసుకునే చక్కెరతో సహా. వారానికోసారి ఆ పేజీలు ఫోటో తీసి ఆమెకి పంపాలి. ఈ నీలం అట్టది నేనే కొనుక్కున్నాను. మిగతావన్నీ ఇందులో. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాక డైరీ ఏమిటని నాకే నవ్వొస్తోంది. కానీ ఎవరితోనైనా చెప్పుకుందామంటే మాట కన్నా ముందు ఆయాసం వస్తోంది.

పచ్చ పుస్తకంలో ఇవాళ్టివి: అన్నం, ఉడికించిన గుడ్లు రెండు, గుమ్మడికాయ సూపు, అరటిపండు.

బరువు యాభై నాలుగు కిలోలు. రెండేళ్ళ కిందట డెబ్భై ఒకటి. బెల్టుకి మా ఆయన డెస్ మేకుతో ఇంకో చిల్లు కొట్టిపెట్టాడు.

సాయంత్రం పడమటి చేను చూసివచ్చాను. కొరికి చూశాను. గింజ పాలు దాటింది, ఇంకా మెత్తని పిండిలా ఉంది. మూడు నాలుగు వారాలు పడుతుంది.

అక్టోబర్ 14

డెస్ మీద అరిచాను. వంటగట్టు మీద ఏదో తుక్కు కనిపించింది.

"ఇదేంటి?" అన్నాను.

"ఏది?"

"ఇది. నీ రొట్టె పొడి."

కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. "చెక్కపొట్టు వెర్నా. పొద్దున తలుపుకి రంపం పట్టాను కదా."

"నీకెప్పుడూ చెప్పడానికి ఏదో ఒకటి దొరుకుతుంది."

వేలితో అద్దుకుని నాలిక మీద వేసుకున్నాడు. కాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టి, "జారా చెట్టు కర్రే. ఉప్పు తగ్గింది" అన్నాడు.

నవ్వాల్సింది. నవ్వలేదు. గట్టు మూడుసార్లు కడిగాను, అతను చూస్తుండగానే.

గోధుమ పండించేదానికి గోధుమ పడదు. రెండేళ్ళ కిందట సీలియాక్ అని డాక్టర్ చెప్పినప్పుడు బుండరిన్ ఊరంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి పిండి డబ్బాలూ బిస్కెట్లూ పారేశాం. చెక్కపలకలు కాల్చేశాం. టోస్టర్ షెడ్డులోకి పోయింది. అప్పటి నుంచి డెస్ తన రొట్టె ట్రాక్టర్ పక్కన నిలబడి తింటాడు. ట్యాంకు దగ్గర చేతులూ మొహం కడుక్కుని, చొక్కా మార్చుకుని లోపలికొస్తాడు. నేను అతన్ని ముద్దు పెట్టుకోవడం కూడా మానేశాను. ఇన్ని చేసినా నాకు తగ్గడం లేదంటే, ఆ పొడి ఎక్కడి నుంచి వస్తున్నట్టు? ఈ ఇంట్లో ఉన్నది ఇద్దరమే. నేను కాదు.

అక్టోబర్ 17

పడుకున్నాను. లేచాను. మళ్ళీ పడుకున్నాను. రోజు అయిపోయింది.

అక్టోబర్ 21

డాక్టర్ ప్రయర్ ఫోన్ చేశాడు. రక్తం రిపోర్టు వచ్చింది. గోధుమలో ఉండే గ్లూటెన్ తగిలితే ఒంట్లో పుట్టే పదార్థం ఇంకా కాస్త ఎక్కువగానే కనిపిస్తోందట.

"ఎక్కడి నుంచో కొంచెం కొంచెంగా లోపలికి వెళ్తోందేమో వెర్నా. ఒకసారి జాగ్రత్తగా..."

"నా నోట్లోకి ఏం పోతోందో నాకు తెలియదా డాక్టర్? రెండేళ్ళయింది బిస్కెట్ ముక్క తగిలి. పచ్చ పుస్తకం పంపిస్తాను, చూసుకోండి."

"చూశాను. ఇమొజెన్ పంపింది. మచ్చలేని పుస్తకం. అందుకే ఇంకోటి కూడా ఆలోచించాలి. ఒక్కోసారి ఈ జబ్బు పత్యానికి లొంగడం మానేస్తుంది. అలా లొంగని వాళ్ళలో కొందరికి పేగులో గడ్డ కడుతుంది."

"గడ్డంటే?"

"లింఫోమా. క్యాన్సర్‌లో ఒక రకం. ఉందని అనడం లేదు. లేదని తేల్చాలంటే చూడాలి కదా. మనం గొట్టం వేసి చూసింది చిన్నపేగు మొదలు మాత్రమే. మిగతా ఇరవై అడుగుల్లో ఏముందో ఎవరూ చూడలేదు. ఎమ్మారైలో అది మొత్తం కనిపిస్తుంది."

తారీకు నవంబర్ పదకొండు. సరిగ్గా కోతల మధ్యలో. డిసెంబర్‌కి మార్చమన్నాను. మార్చనన్నాడు. డెస్ పక్కనే నిలబడి అంతా విని, "గోధుమ రెండు రోజులు ఆగుతుంది. వెళ్దాం" అని ఒక్కమాట అని బయటికి పోయాడు.

నాకు భయంగా ఉంది. ఎవరికీ చెప్పను గానీ ఇక్కడ రాస్తాను. చాలా భయంగా ఉంది.

బండి వేసుకుని దక్షిణపు చేను గట్టుకి వెళ్ళి కూర్చున్నాను. బండిలో నాన్న పొగాకు డబ్బా ఎప్పుడూ ఉంటుంది. పోయినేడాది విత్తనం గింజలు పోసి ఉంచుతాను. కాసిని నములుతూ కూర్చుంటే మనసు కాస్త కుదుటపడింది. నోట్లో బంక బాగా సాగింది. మంచి విత్తనం. ఉమ్మేసి ఇంటికొచ్చాను.

పచ్చ పుస్తకంలో: అన్నం, కోడికూర, బీన్సు.

అక్టోబర్ 26, ఆదివారం

చర్చిలో ప్రభు భోజనానికి నా కోసం బియ్యప్పిండి అప్పం వేరే గిన్నెలో పెడుతున్నారు. ఇవాళ ఆ గిన్నె మిగతావాళ్ళ గోధుమ రొట్టె పళ్ళెం పక్కనే ఉంది. ఒకదాని మీది పొడి ఇంకోదాని మీద పడి ఉండొచ్చు. తీసుకోలేదు.

బయట టీ దగ్గర బెరిల్ బాదంపొడితో కేకు చేసుకొచ్చింది. "నీ కోసమే వెర్నా. పళ్ళెం మూడుసార్లు కడిగా, ఒట్టు."

"కడిగిన స్పాంజి దేనిదో?" అన్నాను.

బెరిల్ మొహం ఎర్రబడింది. నలభై ఏళ్ళ స్నేహం మాది. "నీతో బతకడం డెస్‌కే చెల్లింది" అని కేకు మూతపెట్టి తీసుకుపోయింది.

అనుమానం నా జబ్బులో భాగం. అందరికీ అది అర్థం కాదు.

నవంబర్ 4

కొరికి చూశాను. వంగింది.

నవంబర్ 6

కొరికి చూశాను. వంగింది. కడుపు నొప్పి. పడుకున్నాను.

నవంబర్ 8

టక్‌మంది!

ఈ ఒక్క శబ్దం కోసం ఏడాదంతా ఎదురుచూస్తాను. నాకు ఐదేళ్ళప్పుడు నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని చేలో తిప్పుతూ గింజ నా పళ్ళ మధ్య పెట్టాడు. "కొరుకు. పళ్ళతో కాదు, చెవితో కొరుకు" అన్నాడు. వంగితే పచ్చి. టక్‌మంటే కోతకొచ్చినట్టు. ఆ తర్వాత గుప్పెడు నోట్లో వేసుకుని నమిలితే బంకవుతుంది. అది ఎంత సాగితే గింజ అంత బలం. ఇక్కడి పిల్లలం అందరం అలాగే పెరిగాం. మాకు చూయింగ్‌గమ్ కొనిచ్చినవాళ్ళు లేరు.

డెస్ తేమ చూసే మీటరు పట్టుకొచ్చాడు. డబ్బాలోంచి ఇంతవరకు తియ్యనిది.

"దీనితో చూడొచ్చు కదా. ఆ దుమ్ములో తిరక్కుండా."

"దానికి బ్యాటరీ కావాలి. నాకు అక్కర్లేదు."

"పళ్ళు అరిగిపోయాక ఏం చేస్తావో చూస్తా."

అతనికి ఇది అబ్బదు. ఆల్బనీలో చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టాడు. నన్ను చేసుకుని ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపాడు. పెళ్ళైన ఏడాది మా నాన్న ముందు గొప్పకి గింజ కొరికి పన్ను విరగ్గొట్టుకున్నాడు. ఎడమవైపు ఆ సందు ఇప్పటికీ ఉంది. నాన్న పోయేదాకా అది తలుచుకుని నవ్వేవాడు.

కోతమిషను ఎక్కాను. దుమ్ము కూడా మంచిది కాదని డాక్టర్ చెప్పాడు కాబట్టి మాస్కు పెట్టుకునే పని చేస్తున్నాను. చేను మారినప్పుడల్లా దిగి, మాస్కు కిందికి లాగి, కొరికి చూసి, మళ్ళీ పెట్టుకున్నాను. జాగ్రత్తలో నాకెవరూ వంక పెట్టలేరు.

నవంబర్ 11

పెర్త్. మోటెల్‌లో మంచం మీద కూర్చుని రాస్తున్నాను. మళ్ళీ స్నానాలగదికి పరిగెత్తేలోపు ఎంత రాయగలిగితే అంత.

రాత్రి నుంచి ఏమీ తినలేదు. స్కానింగ్ చేసే అమ్మాయి పేరు తేగన్, గట్టి మనిషి. నా ముందు సీసాల్లో లీటరున్నర మందునీళ్ళు పెట్టింది. "గంటలో మొత్తం తాగెయ్యాలి. పేగు ముడుచుకుని ఉంటే గోడలు అంటుకుపోయి నాకేమీ కనపడదు. ఇది లోపల నిలిచి పేగుని విప్పుతుంది." చిక్కటి తీపి నీళ్ళు. మొదటి గ్లాసు ఫరవాలేదు. మూడోదానికి కన్నీళ్ళొచ్చాయి. డెస్ పక్కన కూర్చుని, నేను ఒక్కో గ్లాసు దించినప్పుడల్లా చిన్నగా చప్పట్లు కొట్టాడు. మానమన్నాను. మానలేదు.

బట్టలు మార్చుకునే గదిలో నా ప్యాంటు జేబులోంచి గోధుమలు నేలంతా జల్లుమన్నాయి.

"జేబుల్లో లోహం ఏమైనా ఉందా?" అని తేగన్ తెర బయట నుంచి అడిగింది.

"గోధుమలున్నాయి."

"అయస్కాంతం గోధుమల్ని లాగదులెండి." తొంగిచూసి నవ్వింది. "సీలియాక్ ఉన్నావిడ జేబులో గోధుమలా? మా నర్సులు చూస్తే మూర్ఛపోతారు."

"పొలందాన్ని తల్లీ. నా బూట్లలో కూడా ఉంటాయి."

ఇద్దరం నవ్వుకున్నాం. ఏరి మళ్ళీ జేబులో వేసుకున్నాను.

బోర్లా పడుకోబెట్టింది. పేగు కదలకుండా సూదిమందు ఇచ్చింది. పొట్ట నిండా నీళ్ళతో బోర్లా పడుకోవడం ఎలా ఉంటుందో రాయలేను. సొరంగంలోకి పంపించింది. చెవుల్లో ఆమె గొంతు: "గాలి పీల్చండి. వదలండి. ఇక పీల్చకండి." దడదడమని మోత, రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టు. "ఇప్పుడు పీల్చండి." మళ్ళీ అదే. ముప్పావుగంట అదే. మధ్యలో చేతి నరంలోకి చల్లగా ఏదో ఎక్కింది.

ఊపిరి బిగబట్టినప్పుడల్లా డెస్ గుర్తొచ్చాడు. ట్రాక్టర్ పక్కన నిలబడి, రొట్టె కింద అరచెయ్యి పట్టుకుని, పొడి రాలకుండా తినే మనిషి. గడ్డ ఉంటే నేను పోతాను. పోయేదాకా అతన్నే తిడుతూ ఉంటాను. ఆ సంగతి నాకు తెలుసు, ఆపుకోలేనని కూడా తెలుసు. అప్పుడు ఏడ్చాను. కదలొద్దని తేగన్ చెప్పింది కాబట్టి కదలకుండా ఏడ్చాను.

బయటికొచ్చేసరికి డెస్ వరండాలో బియ్యం బిస్కెట్ల ప్యాకెట్టు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చిన్న అక్షరాలు చదువుతున్నాడు. "మూడుసార్లు చదివా. ఇందులో ఏమీ లేదు" అన్నాడు. నేను తీసుకుని నాలుగోసారి చదివాను.

నవంబర్ 12

ఇంటికి నాలుగున్నర గంటల దారి. ఆ తీపి నీళ్ళు ఇంకా వదల్లేదు. దారిలో ప్రతి ఊళ్ళోనూ దిగాను. ఇన్నేళ్ళు ఆ ఊళ్ళ మీదుగా తిరిగాను గానీ ఇంత దగ్గరగా ఎప్పుడూ పరిచయం కాలేదు.

నవంబర్ 14

కోత. తూర్పు చేను. కొరికి చూశాను, బాగుంది. ఫోన్ రాలేదు.

నవంబర్ 17

ఫోన్ రాలేదు. నమిలిన బంక ఈ చేలో ఇంకా బాగా సాగింది. మంచి పంట వచ్చిన ఏడాదే పోతానేమో.

నవంబర్ 20

మధ్యాహ్నం డాక్టర్ ప్రయర్ కంప్యూటర్‌లో కనిపించాడు. మొదటి మాట, "గడ్డ లేదు వెర్నా" అన్నాడు. పేగులో ఎక్కడా పుండు లేదు, గ్రంథులు కాస్త వాచాయి గానీ భయపడేవి కావు. డెస్ టేబుల్ కింద నా మోకాలు పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

ఆ తర్వాత బొమ్మ చూపించాడు. నలుపూ తెలుపూ. నా లోపలిది నాకేమీ తెలియలేదు.

"ఇదిగో, ఇది చిన్నపేగు పై భాగం. ఇక్కడ మడతలు దట్టంగా ఉండాలి. తిండిలో సారం పీల్చేది అవే. మీకు చదునైపోయాయి. ఇది కింది భాగం. ఇక్కడ మడతలు పెద్దగా ఉండకూడదు. కానీ చూడండి, ఎన్ని వేసుకుందో."

"అంటే?"

"పైది పని మానేసింది. ఆ పని కిందిది నెత్తిన వేసుకుంది."

"మా ఇంట్లో సంగతీ అంతే" అన్నాడు డెస్. డాక్టర్ నవ్వాడు. నేనూ కాస్త నవ్వాను.

"ఈ బొమ్మా ఆ రక్తం రిపోర్టూ కలిపి చూస్తే, ఇది జబ్బు ముదిరిన పేగులా లేదు. ఇంకా గ్లూటెన్ అందుతున్న పేగులా ఉంది. అది ఆగితే మళ్ళీ మడతలు వేసుకునే అవకాశం ఉంది. ఆగకపోతే మాత్రం, ఇవాళ లేని గడ్డ రేపు రాదని నేను చెప్పలేను. పచ్చ పుస్తకం మళ్ళీ చూడండి. తిన్నవే కాదు. నోట్లో పెట్టుకున్నవన్నీ. పెన్ను మూత, స్టాంపు బంక, ఏదైనా సరే."

నేను డెస్ వైపు చూశాను. కావాలని చూడలేదు. కళ్ళు వాటంతటవే అటు తిరిగాయి. డాక్టర్ కూడా అటే చూశాడు.

డెస్ తల వంచుకున్నాడు. "నేను రొట్టె మానేస్తాను డాక్టర్. షెడ్డులో కూడా తినను. బీరు కూడా మానేస్తా."

అవసరం లేదని నేను అనొచ్చు. అనలేదు.

నవంబర్ 21

పొద్దున డెస్ టోస్టర్‌ని వైరు చుట్టి పట్టుకెళ్ళి తుక్కుగుట్ట మీద పెట్టివచ్చాడు. కిటికీలోంచి చూశాను. విసిరెయ్యలేదు, పెట్టాడు. టిఫిన్‌కి నాతోపాటు గుడ్లు తిన్నాడు. బాగున్నాయన్నాడు.

అతను లారీ తీసుకుని ధాన్యం నిల్వచేసే సైలోకి వెళ్ళాక పచ్చ పుస్తకం తీశాను. నలభై రోజులు. అన్నం, గుడ్లు, అన్నం, కోడికూర. ఎవరైనా తప్పు పట్టగలరేమో చూడండని గట్టిగా పైకే అన్నాను, ఇంట్లో ఎవరూ లేకపోయినా. కడుపు నొప్పి వచ్చిన రోజు పచ్చ పుస్తకంలో లేదు, ఇందులో రాసుకున్నాను కదా అని ఈ పుస్తకం తీశాను. తారీకు వెతుకుతూ వెనక్కి తిప్పాను.

కొరికి చూశాను.

కొరికి చూశాను. వంగింది.

కాసిని నములుతూ కూర్చుంటే.

బంక బాగా సాగింది.

మాస్కు కిందికి లాగి, కొరికి చూసి.

ఆ బంకే గ్లూటెన్. నాకు తెలియంది కాదు. సైలో దగ్గర నా గింజలో అది ఎంత ఉందో చీటీ రాసిస్తారు, ఆ చీటీ చూసుకుని మురిసిపోతాను. ఉమ్మేస్తానే గానీ, బంక అయ్యేదాకా నమిలిన రసమంతా ఎక్కడికి పోతుంది? ఒక్క కోతల్లోనే కాదు. విత్తేటప్పుడు విత్తనం కొరుకుతాను. మిగతా రోజుల్లో బండిలో డబ్బా ఉండనే ఉంది.

ఈ పుస్తకంలో ఇన్నిసార్లు ఉంది. ఆ పుస్తకంలో ఒక్కసారి కూడా లేదు. అబద్ధం రాయలేదు. తిన్నాను అని ఒక్కసారి కూడా అనుకోలేదు, కొరికి చూశాను అనుకున్నాను. చూడటమే అనుకున్నాను. తినడం అంటే పళ్ళెం ఉండాలి, కుర్చీ ఉండాలి. ఇది పని. నాన్న నేర్పిన పని.

పచ్చ పుస్తకం మొదటి పేజీకి తిప్పి, అన్నం పైన కాస్త ఖాళీ ఉంటే అక్కడ రాశాను: గోధుమలు. తర్వాతి పేజీలో కూడా. తర్వాతి పేజీలో కూడా.

నవంబర్ 22

తుక్కుగుట్ట మీద నుంచి టోస్టర్ తెచ్చి షెడ్డులో బల్ల మీద పెట్టాను. డెస్ వచ్చి చూశాడు.

"ఇదెందుకు ఇక్కడికొచ్చింది?"

"నువ్వు కాదు డెస్. నేనే." పచ్చ పుస్తకం ఇచ్చాను. నిలబడే చదివాడు. మొదట అర్థం కాలేదు. తర్వాత నా చొక్కా జేబు వైపు చూశాడు.

"గింజలా?"

"గింజలే."

పుస్తకం మూసి టోస్టర్ పక్కన పెట్టాడు. తిట్టు అన్నాను. "రెండేళ్ళు వెర్నా," అన్నాడు, నా వైపు చూడకుండా. "జనవరి నడివేసవి ఎండలో ఆ ట్యాంకు దగ్గర నీళ్ళు కాలిపోతుంటాయి. ఆ నీళ్ళతో మొహం కడుక్కుని నా ఇంట్లోకి నేను వచ్చేవాణ్ణి. నాలోనే ఏదో మురికి ఉందనుకున్నా."

క్షమించమన్నాను. ఎన్నిసార్లు అన్నానో గుర్తులేదు. అతను బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

మూడు గంటల తర్వాత వచ్చాడు. బెరిల్ వాళ్ళింట్లో కేకు తిన్నాడట. కుర్చీలో కూలబడి, "నువ్వు రోజూ నమలడం నేనూ చూశా కదా. ఎదురుగానే కూర్చుని చూశా. నాకు మాత్రం ఏం తట్టింది?" అన్నాడు.

నా మీద జాలిపడి అన్న మాట. అది నాకు తెలుసు. అయినా తీసుకున్నాను.

నవంబర్ 25

నిన్న నాలుగు చినుకులు పడ్డాయి. ఉత్తరపు చేను ఒక్కటే మిగిలింది. గింజ ఆరిందో లేదో చూడాలి. మీటరు తీస్తే బ్యాటరీ చచ్చి ఉంది.

వెన్ను దులిపి గింజ తీశాను. చెయ్యి దానంతటదే నోటి దాకా వచ్చింది. పెదవికి తగలకముందు ఆగింది. అలాగే నిలబడ్డాను. ఏడుపొచ్చింది. జబ్బని చెప్పిన రోజు కూడా ఇంత ఏడుపు రాలేదు. నాన్న నాకిచ్చిన వాటిలో చేను కాకుండా ఇదొక్కటే మిగిలింది.

డెస్ లారీ దిగి వచ్చాడు. అరచెయ్యి చాపాడు. "ఇటివ్వు."

"నీకు రాదు. పన్ను పోతుంది."

"పోయేది ఎప్పుడో పోయింది. ఇటుపక్కవి గట్టివే." గింజ నోట్లో వేసుకున్నాడు. "ఏం చెయ్యాలి?"

"వెనక పళ్ళ మధ్య పెట్టు. మెల్లిగా. శబ్దం వినాలి."

"నాకేం తెలుస్తుంది ఆ శబ్దం? నువ్వే విను."

దగ్గరికి వెళ్ళి అతని దవడకి చెవి ఆనించాను. గడ్డం గుచ్చుకుంది. పొద్దున తిన్న టోస్టూ వెన్నా వాసన వేసింది. రెండేళ్ళుగా నేనింత దగ్గరికి రాలేదు.

టక్‌మంది. అంత స్పష్టంగా నా పళ్ళ మధ్య కూడా ఎప్పుడూ వినలేదు.

"ఆరిందా?" అన్నాడు కదలకుండా.

ఆరింది. కోత మొదలుపెట్టొచ్చు. ఒక్క గింజ చాలు.

"సరిగ్గా వినపడలేదు," అన్నాను. "ఇంకోటి కొరుకు."